లెస్టర్‌లో కర్రపెండలం

ఇంగ్లండులోని లెస్టర్‌లో మేం దిగిన చోట మమ్మల్ని మోసం చేశారు. అదే ఊళ్లో, అదే రోజు, మా అత్తయ్య ఏడు వారాల తర్వాత కడుపునిండా భోజనం చేశారు. అందుకే ఎక్కడ జాగ్రత్త పడాలో, ఏం తినాలో వివరంగా రాస్తున్నాను.

మేముండేది న్యూకాజిల్‌లో. అత్తయ్యది పెద్దాపురం. నవంబరు నెలాఖరులో వచ్చారు. ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం నాలుగింటికల్లా చీకటి పడుతుంది. ఆ చీకటికో, చలికో ఆవిడకి ఆకలి చచ్చిపోయింది. నేనేం వండినా రెండు ముద్దలు తిని "చాలమ్మా" అనేవారు. బయట తింటే మార్పుగా ఉంటుందని దగ్గర్లోని ఒక ఇండియన్ రెస్టారెంటుకి తీసుకెళ్లాం. బ్రిటన్‌లో ఇండియన్ అని బోర్డు ఉన్న చోట్ల చాలావాటిని నడిపేది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్లు. ఏ ఊళ్లో చూసినా ఒకటే మెనూ: కోర్మా, జల్‌ఫ్రెజీ, బాల్టీ, టిక్కా మసాలా. అక్కడ అత్తయ్య కూర గిన్నెలు మూడూ పక్కకి జరిపి అన్నంలో పెరుగు కలుపుకున్నారు. మా ఆయన ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఈ దేశానికి వచ్చి తొమ్మిదేళ్లయినా ఇండియన్ హోటలంటే ఇంతేనని నేనూ అనుకున్నాను. ఆఫీసులో ఒక గుజరాతీ అమ్మాయి మాత్రం "జనవరిలో లెస్టర్ వెళ్లండి, ఉంధియు దొరుకుతుంది" అని రెండేళ్లుగా చెబుతోంది. ఉంధియు అంటే వాళ్ల సంక్రాంతి వంట. ఆ పండగని వాళ్లు ఉత్తరాయణ్ అంటారు, గాలిపటాలు ఎగరేస్తారు. మా ఆయనకి ఇష్టం లేదు. "గుజరాతీవాళ్లు పప్పులో బెల్లం వేస్తారు, అమ్మ అస్సలు తినదు" అన్నారు. అయినా సంక్రాంతి వెళ్లాక వచ్చిన శనివారం బయల్దేరాం. A1 మీదుగా M1 పట్టుకుని మూడున్నర గంటల డ్రైవు, మధ్యలో ఒకచోట ఆగాం. అత్తయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మా పాప ఎన్ని ప్రశ్నలు వేసినా ఒక్క మాటలో జవాబు చెప్పారు.

ముందు బస గురించి. ఊరి మధ్యలో పాత ఫ్యాక్టరీ భవనాన్ని ఫ్లాట్లుగా మార్చారు. అందులో రెండు గదుల ఫ్లాటు, రెండు రాత్రులకి 148 పౌండ్లు. క్లీనింగ్ అని ఇంకో 35. కార్డు మీద 150 డిపాజిట్ పట్టుకున్నారు. ప్రకటనలో లిఫ్ట్ ఉందని, పార్కింగ్ ఉచితమని, హీటింగ్ అద్దెలోనే కలిసుందని స్పష్టంగా రాసి ఉంది.

లిఫ్ట్ తలుపు మీద పనిచేయడం లేదని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మీది తేదీ డిసెంబరుది. మా ఫ్లాటు మూడో అంతస్తులో. అత్తయ్యకి రెండు మోకాళ్లూ నొప్పులే. ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడ పట్టుకుని, 54 మెట్లు ఎక్కారు. ఆ సంఖ్య నేను లెక్కపెట్టింది కాదు, ఆవిడే పైకి చేరాక చెప్పారు. పార్కింగ్ గురించి ఫోన్ చేస్తే, ఉచితమంటే సాయంత్రం ఆరు తర్వాత వీధిలో దొరికితే పెట్టుకోవడమని, లోపల పెట్టాలంటే రోజుకి 15 పౌండ్లని చెప్పారు. రెండు రోజులకి 30 కట్టాం. రాత్రి పదింటికి హీటర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఇచ్చిన నంబరుకి ఐదుసార్లు చేశాం, ఎవరూ ఎత్తలేదు. జనవరి చలిలో పాప కోటు వేసుకునే పడుకుంది. అత్తయ్యకి మా దుప్పటి కూడా ఇచ్చేశాం. పొద్దున్న తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది: హీటింగ్‌కి టైమర్ ఉంటుంది, అది భవనం నియమం అని.

అన్నిటికన్నా మనసుకి తగిలింది తర్వాత జరిగింది. ఇంటికి వచ్చిన మూడో రోజు డిపాజిట్‌లోంచి 60 పౌండ్లు కోశారు. కారణం "కూర వాసన పోగొట్టడానికి ప్రత్యేక క్లీనింగ్" అట. ఆ ఫ్లాటులో మేం స్టవ్ వెలిగించలేదు. పాపకి పాలు మైక్రోవేవ్‌లో వేడిచేశాం, అంతే. మూత బిగించిన పార్సిల్ డబ్బా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాం. మా పేర్లు చూసి వేసిన జరిమానా అది. ఇంకో మాట నాకు తోచడం లేదు. మా ఆయన ఎక్కడ దిగినా ఖాళీ చేసే ముందు ఫోన్‌లో వీడియో తీస్తారు. తళతళలాడే స్టవ్, ఖాళీ సింకు, తెరిచి చూపించిన ఫ్రిజ్ అన్నీ అందులో ఉన్నాయి. వీడియో పంపి బుకింగ్ సైటు వాళ్లతో పదహారు రోజులు ఉత్తరాలు నడిపితే ఆ 60 వెనక్కి వచ్చింది. లిఫ్ట్‌కి, పార్కింగ్‌కి, చలికి ఏమీ రాలేదు. మీరు ఎక్కడ దిగినా వచ్చేటప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు ఒకటి వీడియో తీసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే లిఫ్ట్ ఇవాళ పనిచేస్తోందా అని ముందురోజు రాసి అడగండి, జవాబు దాచుకోండి.

ఇక భోజనం సంగతి. బెల్‌గ్రేవ్ రోడ్డుని అక్కడ గోల్డెన్ మైల్ అంటారు. పొడుగునా నగల దుకాణాలు, చీరల షాపులు, మిఠాయి కొట్లు. మేం వెళ్లింది ఒక మిఠాయి కొట్టు వెనక భాగంలో ఉన్న చిన్న శాకాహార హోటల్. పన్నెండు టేబుళ్లు ఉంటాయేమో.

కూర్చోగానే వడ్డించే అబ్బాయి "మామూలుదా, స్వామినారాయణా, జైనా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. స్వామినారాయణ్ అంటే ఆ సంప్రదాయం భక్తుల పద్ధతి, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. జైన్ అంటే వాటితో పాటు దుంపలు కూడా ఉండవు. ఆ శనివారం మాకు అదెంత పెద్ద విషయమో చెప్పలేను. అత్తయ్య శనివారాలు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఈ దేశంలో ఏ హోటల్లోనూ ఆ మాట అడిగి తెలుసుకునే పని లేకుండా పోయింది, ఎందుకంటే అన్ని కూరలకీ ఒకటే ఉల్లిపాయ గ్రేవీ. ఇక్కడ మేం అడగకముందే వాళ్లే అడిగారు. నేను తెలుగులో చెబితే అత్తయ్య నిటారుగా కూర్చుని "నిజంగానా? గిన్నె కూడా వేరా?" అన్నారు. గిన్నె కూడా వేరేనట.

రెండు థాలీలు, ఒక ఉంధియు-పూరీ ప్లేటు, మోగో అని మెనూలో కనిపించినది ఒకటి, పాపకి మామిడి లస్సీ చెప్పాం. అన్నీ స్వామినారాయణ్ పద్ధతిలోనే.

ముందు మోగో వచ్చింది. వేలెడు పొడుగు ముక్కలు, బయట కరకరలాడుతూ, పైన ఉప్పు, కారం, నిమ్మరసం. అత్తయ్య ఒక ముక్క విరిచి, లోపలున్న తెల్లటి పీచు చూసి, నోట్లో వేసుకుని, "ఇది కర్రపెండలం కదే!" అన్నారు.

పెద్దాపురం, సామర్లకోట వైపు వాళ్లకి కర్రపెండలం గురించి చెప్పక్కర్లేదు. సగ్గుబియ్యం తయారయ్యేది దాంతోనే, చుట్టుపక్కల మెట్ట పొలాల్లో అదే పంట. అత్తయ్య పుట్టింట్లో రెండెకరాలు వేసేవారు. ఉడకబెట్టి ఉప్పు చల్లి ఇస్తే బడి నుంచి వచ్చి తినేవారట. పెళ్లయి పన్నెండేళ్లలో ఈ కబురు నేనెప్పుడూ వినలేదు. ఆ టేబుల్ దగ్గర మొదటిసారి విన్నాను.

ఆవిడ గొంతు విని కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చారు. హోటల్ వాళ్లదే, అందరూ ఆవిడని బా అని పిలుస్తున్నారు. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అత్తయ్య ముక్క చూపించి, చేత్తో భూమి తవ్వి లాగినట్టు చూపించారు. ఆవిడ నవ్వి లోపలికి వెళ్లి పచ్చి దుంప ఒకటి తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టారు. అత్తయ్య గోటితో పైతొక్క గీరి, కింద గులాబీ రంగు పొర చూసి, నాకేసి తిప్పి చూపించారు. ఇద్దరూ ఆ దుంప పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

గుజరాతీ హోటల్లో కర్రపెండలం ఎందుకుందో ఆ పెద్దావిడ చెబితేనే తెలిసింది. మోగో గుజరాతీ మాట కాదు. స్వాహిలీలో దీన్ని ముహోగో అంటారు. గుజరాతీ కుటుంబాలు వ్యాపారాల కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లి స్థిరపడి, అక్కడివాళ్ల తిండి నేర్చుకున్నాయి. ఆవిడ పుట్టింది ఉగాండాలోని కంపాలాలో. 1972 ఆగస్టులో అక్కడి సైనిక పాలకుడు ఇదీ అమీన్ ఆసియావాళ్లంతా 90 రోజుల్లో దేశం వదిలిపోవాలన్నాడు. అప్పుడావిడకి పదహారేళ్లు. లెస్టర్ కౌన్సిల్ "మా ఊరికి రావద్దు" అని ఉగాండా ఆర్గస్ పత్రికలో ప్రకటన కూడా వేయించింది. వాళ్ల నాన్నగారు లెస్టర్ పేరు మొదటిసారి చదివింది ఆ ప్రకటనలోనేనట. అయినా వచ్చారు, వేలమంది వచ్చారు. ఇప్పుడు ఆ ఊరి బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపావళి దీపాలు చూడటానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. అదే ఊళ్లో మాకు కూర వాసనకి డబ్బులు కోశారంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఉంధియు వచ్చేసరికి మా ఆయన కూడా తగ్గారు. ఉంధు అంటే బోర్లించినది అని అర్థం. సూరత్ వైపు పొలాల్లో కూరలన్నీ కుండలో కూరి, కుండని బోర్లించి పైన మంట పెట్టి వండేవారట, పేరు అందుకొచ్చింది. హోటల్లో మాత్రం పెద్ద గిన్నెలో పొయ్యి మీదే వండుతారు. అందులో చిక్కుడుకాయలు, పచ్చి కందులు, మసాలా కూరిన చిన్న వంకాయలు, పచ్చి అరటికాయ, చిలగడదుంప, ఊదారంగు పెండలం, మెంతికూరతో చేసిన ముఠియాలనే ఉండలు. కొబ్బరి, కొత్తిమీర, నువ్వులు ధారాళంగా వేశారు. పెండలం ముక్క చూసి అత్తయ్య "ఇదీ మనదే" అన్నారు. మన సంక్రాంతి దప్పళంలో పడే సరుకులో సగం అందులో ఉంది. మనం చింతపండు పులుసులో మరిగిస్తాం, వాళ్లు నూనెలో మగ్గిస్తారు. నూనె బాగా తేలుతుంది, అది ముందే తెలుసుకుని వెళ్లండి. పక్కన జిలేబీ పెట్టుకుని తినడం వాళ్ల అలవాటు. మాకది నచ్చలేదు, విడిగా తిన్నాం.

పప్పులో బెల్లం వేసిన మాట నిజమే. పులుపు కూడా సరిసమానంగా ఉంది, పల్లీలు, కరివేపాకు, ఆవాల పోపు ఉన్నాయి. ముక్కల పులుసులో బెల్లం వేసుకునే మనం ఆ పప్పుని తీపి అని తీసిపారేయడం న్యాయం కాదు. కఢీ మాత్రం నాకు ఎక్కలేదు. మజ్జిగ పులుసులో లవంగం, చక్కెర వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నెయ్యి రాసిన పల్చటి రొట్టెలు అడిగినన్ని వేశారు. అత్తయ్య ఐదు తిన్నారు. తర్వాత అన్నం పెట్టించుకున్నారు. మా ఆయన తన రొట్టె పక్కన పెట్టి ఆవిడ తింటుంటే చూస్తూ కూర్చున్నారు.

లెక్క: థాలీ ఒక్కోటి 13.95, ఉంధియు-పూరీ 9.50, మోగో 6.75, లస్సీ 3.50. మొత్తం 47.65 పౌండ్లు. సర్వీస్ చార్జి వేయలేదు. పాపకి బా ఒక పాలకోవా చేతిలో పెట్టారు, దానికీ వేయలేదు.

ఆదివారం పొద్దున్న, పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండుని ఏలిన మూడో రిచర్డ్ రాజు సమాధి చూశాం. 2012లో కార్ పార్కు కింద దొరికిన ఆయన ఎముకల్ని 2015లో లెస్టర్ కేథడ్రల్‌లో పూడ్చారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో పాత చర్చిని మార్చి కట్టిన జైన గుడి బయట నుంచి చూశాం. తెల్ల పాలరాయి చెక్కడం చాలా బాగుంది. రెండు చోట్లా అత్తయ్య "మళ్లీ అక్కడికే వెళ్దామా?" అని అడిగారు.

వెళ్లాం. ఆదివారం కాబట్టి ఈసారి మామూలు ఉంధియు చెప్పాం. పచ్చి వెల్లుల్లి ఆకులు వేసిన అసలు సూరత్ పద్ధతి అది. రెండూ తిన్నాను కనుక చెబుతున్నాను, నియమం లేనివాళ్లు ఇదే తినండి. పల్లీల గ్రేవీలో మొక్కజొన్న కంకి ముక్కలు వేసి వండే కసోడి కూడా తిన్నాం, 5.95. అదీ ఆఫ్రికా నుంచి వచ్చిందే, పాప ఒక్కతే తినేసింది. రాత్రికి ఉంధియు ఒక డబ్బా పార్సిల్ కట్టించుకున్నాం. ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా అదే.

వెళ్లేవాళ్లకి నా మాట: ఉంధియు చలికాలంలోనే దొరుకుతుంది, అక్కడ శని, ఆదివారాలే వండుతున్నారు. ఒంటిగంటకల్లా వెళ్లండి. మేం లేచేసరికి, రెండున్నరకి, మామూలు గిన్నె ఖాళీ అయింది. నలుగురికి రెండు థాలీలు, రెండు విడి ప్లేట్లు సరిపోతాయి. మోగో తప్పకుండా చెప్పండి.

పక్క కిరాణా షాపులో తొక్క తీసి గడ్డకట్టించిన కర్రపెండలం కిలో ప్యాకెట్ 2.49. నాలుగు కొన్నాం. సోమవారం పొద్దున్న అత్తయ్య ఆ 54 మెట్లూ దిగారు, కిందికి వచ్చాక మోకాళ్ల గురించి ఏమీ అనలేదు. ప్యాకెట్లు కరగకుండా తన శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చిన సాయంత్రమే ఒకటి తెరిచి, ముక్కలు పగిలేదాకా ఉడికించి, మధ్యలో పీచు లాగేసి, ఇంగువ, పచ్చిమిర్చి పోపు వేశారు. పాపకి వేడివేడిగా గిన్నెలో పెట్టి, తనూ ఒక గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చున్నారు.