షిప్ దిగాక ఐదు రాత్రులు: రోమ్‌లో మూడు, ఫ్లోరెన్స్‌లో రెండు

రోమ్‌లో మేము దిగిన హోటల్లో మా దగ్గర 48 యూరోలు అన్యాయంగా లాగబోయారు. ఆ సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. కానీ దానికంటే ముందు ప్లాన్ గురించి చెప్పాలి. క్రూజ్ అయ్యాక ఇంకో రెండు ఊళ్ళు చూసి వద్దామనుకునేవాళ్ళు మాలాగే పప్పులో కాలేసే అవకాశం చాలా ఉంది.

2024 జూన్‌లో నేను, మావారు, పదిహేనేళ్ళ మా అబ్బాయి, అత్తయ్య బార్సిలోనాలో షిప్ ఎక్కాం. ఏడు రాత్రులు హాయిగా గడిచాయి. దారిలో షిప్ లివోర్నోలో ఆగినప్పుడు ఫ్లోరెన్స్‌కి ఒక్కరోజు టూర్ ఉంది, మనిషికి 109 యూరోలు అన్నారు. ఎలాగూ తర్వాత వెళ్తున్నాం కదా అని మానేశాం. మానేయడమే మంచిదైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర పక్క టేబుల్ వాళ్ళని అడిగితే, సగం రోజు బస్సులోనే పోయిందనీ, మ్యూజియంలు బయటి నుంచి చూసి వచ్చేశామనీ చెప్పారు.

ఇక మావారు వేసిన ప్లాన్. శనివారం పొద్దున రోమ్‌కి రేవైన చివితావెక్కియాలో దిగడం, శని, ఆది రాత్రులు రోమ్‌లో, సోమ, మంగళ రాత్రులు ఫ్లోరెన్స్‌లో, బుధవారం మళ్ళీ రోమ్ వచ్చి ఫ్లైట్. దగ్గరున్న ఊరు ముందు, దూరం ఊరు తర్వాత. చూడ్డానికి ఏ లోపమూ కనపడదు. ప్రయాణానికి రెండు నెలల ముందు వాటికన్ మ్యూజియం టికెట్లు తీసుకుందామని నేను కూర్చుంటే క్యాలెండర్‌లో ఆదివారం అసలు నొక్కడానికే రావడం లేదు. అక్కడ ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అది కూడా మధ్యాహ్నం 2 వరకే, 12:30 దాటితే లోపలికి రానివ్వరు. మా ఆదివారం చివరిది కాదు. సరే, ఫ్లోరెన్స్ సంగతేమిటని చూస్తే అక్కడి పెద్ద చిత్రాల మ్యూజియం ఉఫీజీ గ్యాలరీకి సోమవారం సెలవు. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉండే అకాడెమియా మ్యూజియంకీ సోమవారమే సెలవు. అంటే మా ప్లాన్ ప్రకారం వెళ్తే రోమ్‌లో ఉన్న రోజు వాటికన్ మూత, ఫ్లోరెన్స్‌లో దిగిన రోజు రెండు పెద్ద మ్యూజియంలూ మూత!

మావారికి ఆ రోజంతా మొహం మాడిపోయింది. నెల రోజులు కూర్చుని వేసిన ప్లాన్ మరి. చివరికి రోమ్‌లో ఒక రాత్రి పెంచి ఫ్లైట్‌ని గురువారానికి మార్చాం. మార్చినందుకు నలుగురికీ కలిపి 212 యూరోలు పడింది. ఇన్సూరెన్స్ తేదీలు కూడా మార్చాల్సి వచ్చింది. షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి, అది అక్కడుండే ప్రతి రోజుకీ వర్తించాలి. క్రూజ్ టికెట్ తేదీలు చూసి ఇన్సూరెన్స్ తీసేసుకుని, తర్వాత రోజులు పెంచుకునేవాళ్ళు ఇది మర్చిపోతారు. ఇంకోటి, వీసా అప్లై చేయాల్సింది ఎక్కువ రోజులు ఉండే దేశానికి. షిప్ ఎక్కేది స్పెయిన్‌లో అయినా, ఈ ఐదు రాత్రులూ కలిశాక మాకు ఇటలీ రోజులే ఎక్కువయ్యాయి. కాబట్టి క్రూజ్ తర్వాతి రోజులు ముందు తేల్చుకుని, ఆ తర్వాతే వీసా కాగితాల జోలికి వెళ్ళండి.

దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలన్నీ గది బయట పెట్టేయమంటారు. పొద్దున రేవులోనే మళ్ళీ మన చేతికి వస్తాయి. అత్తయ్య తన బీపీ మాత్రల కవర్ పెద్ద పెట్టెలో సర్దేశారు. రాత్రి పదకొండింటికి గుర్తొచ్చి మేము తలుపు తీసేసరికి వరండాలో పెట్టె లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి టెర్మినల్లో వందల పెట్టెల మధ్య మా ఎర్ర రిబ్బన్ కనపడే వరకు ఆవిడకి టెన్షన్, ఆవిణ్ణి చూసి మాకు టెన్షన్. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

చివితావెక్కియా నుంచి రోమ్ దాదాపు 75 కిలోమీటర్లు. షిప్ వాళ్ళ బస్సుకి మనిషికి 69 యూరోలు అన్నారు. మేము రేవులో ఉచిత బస్సు ఎక్కి లార్గో డెల్లా పాచే అనే చోట దిగి, అక్కణ్ణుంచి సిటీ బస్సులో స్టేషన్‌కి వెళ్ళి, 4.60 చొప్పున నాలుగు లోకల్ రైలు టికెట్లు కొన్నాం. మొత్తం 18.40. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద మిషన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. అంతా బానే ఉంది కానీ నాలుగు పెట్టెలతో మెట్లు దిగి ఎక్కేసరికి అత్తయ్య మోకాలు వాచింది. వారం రోజులు పెట్టె ముట్టుకోకుండా గడిపి, ఒక్కసారిగా ఇంత మోయాలంటే వయసులో ఉన్నవాళ్ళకే కష్టం. పెద్దవాళ్ళు వెంట ఉంటే నలుగురికీ కలిపి కారు మాట్లాడుకోండి, డబ్బులకి చూసుకోవద్దు.

ఒక విషయం మాకు రైలెక్కాకే తెలిసింది. ఆ రైలు రోమ్ పెద్ద స్టేషన్ టెర్మినికి చేరే ముందే రోమా సాన్ పియెత్రో స్టేషన్లో ఆగుతుంది. అక్కణ్ణుంచి వాటికన్ నడిచి వెళ్ళేంత దగ్గర. ఆ చుట్టుపక్కల హోటల్ తీసుకుని ఉంటే నేను ఇప్పుడు చెప్పబోయే గొడవే ఉండేది కాదు.

టెర్మిని పక్కన పాత భవనంలో మూడు నక్షత్రాల హోటల్. నలుగురికి ఒకే గది, రాత్రికి 189 యూరోలు. పదిన్నరకి చేరాం. గది రెండింటికి ఇస్తామన్నారు, అది న్యాయమే. లగేజీ ఉంచుకోవడానికి పెట్టెకి 5 చొప్పున 20 అన్నారు. బుక్ చేసినప్పుడు ఆ మాట ఎక్కడా లేదు. అయినా ఇచ్చాం. లిఫ్ట్ ఉందని రాశారు, ఉంది కూడా. కానీ అది మొదలయ్యేది పద్దెనిమిది మెట్లు ఎక్కాక. ఫోటోలో ఇంత పొడుగున కనపడిన కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, కింద ఎవరిదో వంటగది పొగగొట్టం. అత్తయ్య ఏమీ అనకుండా మంచం మీద కూర్చుని మోకాలికి తువ్వాలు చుట్టుకున్నారు. నాకు చాలా బాధేసింది.

మూడో రోజు రాత్రి, పొద్దున్నే ఖాళీ చేస్తాం కదా అని లెక్క అడిగితే సిటీ ట్యాక్స్ 120 యూరోలు, క్యాష్ మాత్రమే అన్నాడు రిసెప్షన్లో ఉన్న అతను. రోమ్‌లో ఈ పన్ను గది ధరలో కలవదు, మనిషికి రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి. 2023 అక్టోబర్‌లో పెంచారు. ఎంత కట్టాలన్నది హోటల్ నక్షత్రాలని బట్టి ఉంటుంది: మూడు నక్షత్రాలకి 6, నాలుగింటికి 7.50, అయిదింటికి 10. నలుగురం, మూడు రాత్రులు, ఆరు చొప్పున 72 అవ్వాలి. ఇతను మనిషికి 10 చొప్పున వేశాడు.

"మీది మూడు నక్షత్రాల హోటల్ కదా?" అన్నాను.

"సిస్టమ్‌లో అంతే వస్తుంది మేడమ్" అన్నాడు.

రసీదు ఇవ్వమంటే, రేపు పొద్దున ఇంకొకరు డ్యూటీలో ఉంటారు, వాళ్ళిస్తారు అన్నాడు. మావారు నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, పొద్దున్నే రైలుంది, 48 యూరోల కోసం ఎందుకు?" అన్నారు. నాకు మాత్రం కాలు కదల్లేదు. కిందకి వెళ్ళి వీధి తలుపు పక్కన ఉన్న ఇత్తడి పలకని ఫోన్లో ఫోటో తీశాను. పేరు కింద వరసగా మూడు నక్షత్రాలు, మధ్య నక్షత్రానికి ఒక కొస అరిగిపోయి ఉంది. నగరపాలక సంస్థ సైటు తెరిచి పన్నుల పట్టిక పెట్టాను. పైకొచ్చి రెండూ అతని ముందు బల్ల మీద పెట్టి, "మేము 72 ఇస్తాం, ఇప్పుడే రసీదు కావాలి" అన్నాను. గొంతు పెంచలేదు. వెనక ఇంకో జంట తాళాల కోసం నిలబడి ఉంది, వాళ్ళూ ఫోన్ వైపు తొంగి చూశారు. రెండు నిమిషాలు కంప్యూటర్ మీద ఏదో కొట్టాడు. ప్రింటర్‌లోంచి 72.00 అని రసీదు వచ్చింది. క్షమించండి అన్న మాట మాత్రం రాలేదు. ఆ వెనక జంట కూడా తమ బిల్లు చూపించమని అడిగారు.

రోమ్‌కి వెళ్ళేవాళ్ళు హోటల్ నక్షత్రాలని గుర్తుపెట్టుకోండి, మొదటి రోజే పన్ను కట్టేసి రసీదు తీసుకోండి. పదేళ్ళ లోపు పిల్లలకి ఈ పన్ను లేదు, అది కూడా అడగండి.

ఆ మూడు రోజుల్లో చూసినవి బాగా చూశాం. ఆదివారం కొలోసియం: టికెట్ 18 యూరోలు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి ఉచితమే కానీ వాళ్ళ పేరు మీద కూడా టికెట్ తీసుకోవాలి. టికెట్ల మీద పేర్లుంటాయి, పాస్‌పోర్ట్ చూస్తారు. లోపల లిఫ్ట్ ఉంది కాబట్టి అత్తయ్య పైకి రాగలిగారు. పక్కనున్న ఫోరమ్ అనే పాత రోమన్ శిథిలాల్లో ఎగుడుదిగుడు రాళ్ళు, అక్కడికి ఆవిణ్ణి తీసుకెళ్ళలేదు. రోమన్ల కాలం నాటి గుడి పాంథియన్‌కి 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు, ఆ 43 మీటర్ల గుమ్మటం కింద నిలబడితే ఇంకా ఎక్కువైనా ఇవ్వొచ్చనిపిస్తుంది. వీధుల్లో నాసోనీ అని ఇనప కుళాయిలు ఉంటాయి, వాటి నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. సీసాలు నింపుకోండి, కొనకండి. మెట్రోకి 1.50, బ్యాంక్ కార్డుతోనే గేటు తెరుచుకుంటుంది, కానీ ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు కావాలి.

సోమవారం పొద్దున వాటికన్. ఆన్‌లైన్లో పెద్దవాళ్ళకి 20 మీద 5 అదనం, మొత్తం 25. క్యూ చూశాక ఆ అయిదు యూరోలు దండగ అని ఎవరూ అనరు. మ్యూజియం లోపలే ఉన్న సిస్టీన్ చాపెల్‌లో గోడల వెంట బల్లలున్నాయి. అత్తయ్యకి ఒక చోటు దొరికింది. మైకెలాంజెలో ఆ పైకప్పు మీది బొమ్మలు 1508 నుంచి 1512 దాకా వేశాడని, పడుకుని వేశాడని అంటారు కానీ మంచె మీద నిలబడే వేశాడని మా అబ్బాయి ఆవిడ చెవిలో చెప్పాడు. ఆవిడ తల గోడకి ఆనించి అరగంట కదల్లేదు. బయటికొచ్చాక, "నాలుగేళ్ళు మెడ ఎత్తుకునే నిలబడ్డాడా నాయనా!" అన్నారు. అప్పటిదాకా మోకాలి గురించి తప్ప ఇంకో మాట లేదు ఆవిడ దగ్గర.

మంగళవారం పొద్దున ఫ్లోరెన్స్ రైలు, గంటా ముప్ఫై అయిదు నిమిషాలు. రెండు నెలల ముందు కొన్నాం కాబట్టి 24.90 చొప్పున నలుగురికీ 99.60 అయింది. ఆలస్యం చేస్తే బాగా పెరుగుతుంది.

ఫ్లోరెన్స్‌లో స్టేషన్‌కి ఎనిమిది నిమిషాల నడకలో ఒక పెద్దావిడ నడిపే చిన్న వసతి, రాత్రికి 128. లిఫ్ట్ లేదని ముందే రాశారు, మొదటి అంతస్తే కాబట్టి ఒప్పుకున్నాం. మేము పదకొండుకే వెళ్ళినా గది తుడిచి సిద్ధంగా ఉంచారు. లగేజీకి డబ్బులేమీ లేవు, సిటీ ట్యాక్స్‌కి అడగకముందే రసీదు. అత్తయ్య కుంటడం చూసి ఒక ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు తెచ్చి చేతిలో పెట్టారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

అత్తయ్య శాకాహారి. వారం రోజులుగా పాస్తా, పిజ్జా తిని విసిగిపోయి ఉన్నారు. మాంసం ఉండకూడదని చేతులతో చెబితే ఆ వసతి పెద్దావిడే వెనక వీధిలో ఒక భోజన హోటల్ పేరు కాగితం మీద రాసి, కింద "రిబొల్లీతా" అని రాశారు. అంటే మళ్ళీ మరిగించినది అని అర్థం. నిన్నటి రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్లగా ఉండే ఒక రకం ఆకుకూర, క్యారెట్ కలిపి ముద్దగా ఉడికిస్తారు. గిన్నె 9 యూరోలు. మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది, పైన పచ్చి ఆలివ్ నూనె. అత్తయ్య ఒక చెంచా తిని, ఆగి, ఇంకో చెంచా తిని, "ఇది మనిషి తినే తిండి" అన్నారు. పక్కన పెట్టిన రొట్టెలో ఉప్పు లేదేమిటని అడిగారు. టస్కనీలో రొట్టెలో ఉప్పు వేయరు, అది మర్చిపోవడం కాదు. కొన్ని చోట్ల పులుసులో మాంసం ముక్క వేస్తారు కాబట్టి అడిగి తినండి. కూర్చున్నందుకు మనిషికి 2 యూరోలు "కొపెర్తో" అని బిల్లులో వేశారు. అది మోసం కాదు, మెనూలో ముందే రాసి ఉంటుంది.

ఉఫీజీకి 25 మీద 4 రిజర్వేషన్. లిఫ్ట్ ఉంది. అకాడెమియాలో డేవిడ్ ముందు నిలబడితే, ఆ అయిదు మీటర్ల పాలరాయి మనిషి చేతి మీద నరాలు కూడా కనపడతాయి. బయట ఊరి చౌకులో ఉన్నది నకలు, అసలుని 1873లో లోపలికి మార్చారు. మావారు, అబ్బాయి చెరో 30 పెట్టి బ్రునెలెస్కి కట్టిన పెద్ద చర్చి గుమ్మటం 463 మెట్లూ ఎక్కి వచ్చారు. దానికి లిఫ్ట్ లేదు, టైము కూడా ముందే బుక్ చేసుకోవాలి. ఆ గంటా నేనూ అత్తయ్యా కింద నీడలో కూర్చున్నాం. సాయంత్రం 12వ నంబరు బస్సులో పియాజలే మైకెలాంజెలో అనే కొండ మీది చౌకుకి వెళ్ళాం, ఊరంతా అక్కణ్ణుంచే కనపడుతుంది.

గురువారం మళ్ళీ రోమ్, టెర్మిని నుంచి ఎయిర్‌పోర్ట్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు, మనిషికి 14, 32 నిమిషాలు. ఫ్లోరెన్స్ నుంచి ఫ్లైట్ కోసం వెనక్కి రావడానికే సగం రోజు పోయింది. రైల్లో మావారు పెన్ను తీసి ప్లాన్ తిరగరాశారు: శనివారం షిప్ దిగి రోమ్‌లో రైలు మారి నేరుగా ఫ్లోరెన్స్. ఆదివారం ఉఫీజీ, అకాడెమియా రెండూ తెరిచే ఉంటాయి. నెలలో మొదటి ఆదివారం మాత్రం వద్దు, ఉచితం కాబట్టి విపరీతమైన జనం. సోమవారం పొద్దున గుమ్మటం, మధ్యాహ్నం రోమ్ రైలు. మంగళవారం వాటికన్, బుధవారం కొలోసియం, గురువారం అక్కణ్ణుంచే ఫ్లైట్. రాత్రులు అవే అయిదు, వెనక్కి తిరగడం లేదు. మా ఆడపడుచు వాళ్ళు వచ్చే ఏడాది ఇదే క్రూజ్‌కి వెళ్తున్నారు, ఆ కాగితం వాళ్ళకిచ్చాం. వెనక వైపు నేను హోటల్ నక్షత్రాలు, వాటి పన్ను రాసి పెట్టాను.