ఘాటు ఎక్కని కారుకు ఏది మేలు: సామాను మార్చడమా, స్కానరా, గేజా?

కడప నుంచి రాయచోటి వెళ్లేవాళ్లకు గువ్వలచెరువు ఘాటే బండికి అసలు పరీక్ష. గత వేసవిలో నా పెట్రోల్ కారు అక్కడ చేతులెత్తేసింది. 2014 మోడల్. మూడో గేరులో యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా వేగం 40 నుంచి 30కి, అక్కడి నుంచి 20కి జారింది. వెనక లారీ హారన్ ఆపడం లేదు. ఘాటు దాటి చదును రోడ్డు రాగానే మాత్రం ఏమీ ఎరగనట్టు పరుగెత్తింది.

ఎత్తుకు పోతే గాలి పలచబడుతుంది కదా అని ఒక బంధువు సర్దిచెప్పాడు. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజన్ 1000 మీటర్ల ఎత్తుకు వెళ్తే సుమారు పది శాతం శక్తి కోల్పోతుంది, నిజమే. మన ఘాటు అందులో సగం ఎత్తు కూడా ఎక్కదు. ఆ లెక్క ఊటీకి దాచుకోవచ్చు.

షెడ్డుకు వెళ్లే ముందు డ్రైవర్ సీట్లోనే తేలిపోయే విషయం ఒకటుంది. ఎగువలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. కాలిన వాసన కూడా వస్తుంది. అలాంటప్పుడు పెట్రోల్ వైపు ఎంత వెతికినా దండగే. ముల్లు కూడా లేవకుండా మొరాయిస్తే ఇంజన్‌కు గాలి గానీ పెట్రోల్ గానీ చాలడం లేదు, లేదా పొగ బయటికి పోయే దారి మూసుకుపోతోంది. ప్లగ్గులు గానీ వాటికి కరెంటు ఇచ్చే కాయిల్ గానీ చెడితే సాధారణంగా ఇంజన్ కుదుపు కూడా తోడవుతుంది. నా బండిలో ముల్లు లేవలేదు, కుదుపూ లేదు.

మొదటి షెడ్డులో నేను ఎంచుకున్న దారి, మనలో చాలామంది ఎంచుకునేదే: ఒక్కో సామాను మార్చుకుంటూ పోవడం. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. అది ఎలాగూ మార్చాల్సిందే, దుమ్ముతో బూడిద రంగుకు వచ్చింది. తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత ఇంజెక్టర్ల శుభ్రం. ప్రతిసారీ రాయచోటి రోడ్డు పట్టి చూడటం, అదే మలుపులో అదే ఆయాసం. చివరికి పెట్రోల్ పంపు మొత్తం మార్చేద్దాం అన్నారు. ఈ పద్ధతిలో తప్పేమిటంటే, బండి బాగైనా ఏ సామాను వల్ల బాగైందో తెలియదు, బాగవకపోతే పెట్టిన డబ్బు వెనక్కి రాదు. ఎయిర్ ఫిల్టర్ వరకు దీన్ని నేను ఒప్పుకుంటాను, అంతకు మించి ఒప్పుకోను.

రెండో దారి స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెడితే నిమిషాల్లో తప్పుల జాబితా కోడ్‌ల రూపంలో వస్తుంది. నా బండికి ఒక్క కోడ్ కూడా రాలేదు. స్కానర్‌ను నమ్మినవాడు ఇక్కడే మోసపోతాడు. ఇలాంటి మామూలు పెట్రోల్ బండ్లలో పెట్రోల్ ఒత్తిడిని కొలిచే సెన్సార్ ఉండదు. సెన్సార్ లేనిదాన్ని స్కానర్ చూడలేదు. పైగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బండి కంప్యూటర్, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ మాట పక్కనపెట్టి తన పట్టిక ప్రకారం పెట్రోల్ పోయిస్తుంది. అందుకే సరిగ్గా ఎగువలో పెట్రోల్ తగ్గినా, గాలికి తగ్గ పెట్రోల్ లేదని చెప్పే పి0171 లాంటి కోడ్ నమోదు కాకుండా పోవచ్చు. కోడ్ లేదు కాబట్టి రోగం లేదనుకుంటే మళ్లీ అదే మలుపులో నిలబడతాం.

మూడోది పెట్రోల్ ఒత్తిడిని కొలిచే ఫ్యూయల్ ప్రెజర్ గేజు. చూడటానికి ట్యూబుకు తగిలించిన గడియారంలా ఉంటుంది, అంతే. రెండో షెడ్డు మెకానిక్ దాన్ని పెట్రోల్ లైనులో బిగించి, పొడుగు ట్యూబును బానెట్ సందులోంచి బయటికి తీసి, ముల్లు మాకు కనిపించేలా అద్దానికి టేపు వేశాడు. షెడ్డు ముందు బండి నిలబెట్టి చూస్తే ఒత్తిడి సరిగ్గా 3 బార్ (ఒత్తిడి కొలత), ఉండాల్సినంతే. అక్కడే ఆగి ఉంటే పెట్రోల్ వైపు లోపమేమీ లేదని పంపేసేవాడు. ఘాటుకు పదమన్నాడు. రెండో మలుపులో కాలు పూర్తిగా నొక్కగానే ముల్లు 2.5 దగ్గర వణికి, చూస్తుండగానే 2 కిందికి పోయింది. కారు వేగమూ దాంతో పాటే పడింది.

ఒత్తిడి పడితే పంపు పాడైనట్టే కాదు, ఇది గేజు కూడా చెప్పదు. వెనక సీటు ఎత్తి, ట్యాంకు మూత విప్పి పంపు బయటికి తీస్తే, దాని కాలికి ఉండే జాలీ గోధుమ రంగు మడ్డితో మందపాటి అట్టలా ఉంది. జాలీ, ఫిల్టర్ మార్చి ట్యాంకు కడిగారు. పంపు పాతదే పెట్టి మళ్లీ ఘాటు ఎక్కితే ముల్లు 3 మీదే నిలబడింది. ఇదంతా పెట్రోల్ ఒలికే పని, ఇంట్లో చేసుకోకండి. ఇంకొకటి: ట్యాంకులోని పంపును చల్లబరిచేది పెట్రోలే. కడప ఎండల్లో రిజర్వు లైటు వెలిగేదాకా తిప్పే అలవాటు నాకుండేది, మానేశాను.

ఒత్తిడి పడకుండానే బండి ఆయాసపడితే సైలెన్సర్ లైనులో పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో అనుమానించాలి. ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో పొగ ఒత్తిడి కొలిచే వేరే గేజు బిగిస్తే అదీ తేలిపోతుంది.

కాబట్టి నా లాంటి పాత పెట్రోల్ కారుకు గేజే మేలు, అదీ ఘాటు మీద. కామన్ రైల్ డీజిల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది) అయితే మాత్రం నేను మాట మారుస్తాను. వాటిలో రైల్ ఒత్తిడికీ చాలావాటిలో టర్బో గాలికీ సెన్సార్లు ఉంటాయి, కాబట్టి స్కానర్ పెట్టుకుని ఎగువలో నడిపితే అంకెలు తెర మీదే కనిపిస్తాయి. నల్లటి పొగ, ఈల లాంటి చప్పుడు వస్తుంటే స్కానర్‌కు కూడా ముందు టర్బో గొట్టం ఎక్కడ చిరిగిందో చేత్తో తడిమి చూడాలి, ఇంజన్ ఆపి, చల్లారాక.