ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్: పరీక్ష బాగుంది, పిల్లలు జారిపోయేది ఆ తర్వాతే

సర్కారు బడిలో చురుకైన పిల్లలను గుర్తించి చేతికి డబ్బు అందించే పథకాల్లో ఇప్పుడు గట్టిగా చెప్పుకోదగ్గది ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్). కేంద్రం 2008లో మొదలుపెట్టింది. 2021 తర్వాత ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష) ఆగిపోవడంతో దీని అవసరం ఇంకా పెరిగింది. దేశమంతటికీ ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 వస్తుంది. నాలుగేళ్లకు రూ.48,000. 2017కు ముందు ఇందులో సగమే ఇచ్చేవారు.

దీని పరీక్ష ఎనిమిదో తరగతిలో రాయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50), ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలలోపు ఉండాలి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకే అవకాశం. ప్రైవేటు బడులకు, కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు, ప్రభుత్వమే హాస్టల్ పెట్టి చదివించే గురుకులాలకు లేదు.

పేపరు విషయానికొస్తే, మ్యాట్ (ఆలోచనా శక్తిని చూసే భాగం) 90 ప్రశ్నలు, శాట్ (బడి పాఠాల మీద భాగం) 90 ప్రశ్నలు, మొత్తం 180 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. రెండింటిలో కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 32 శాతం మార్కులు తెచ్చుకోవాలి. మ్యాట్‌లో సంఖ్యా శ్రేణులు, కోడింగ్, దాగిన బొమ్మలు, అద్దంలో ప్రతిబింబాలు వస్తాయి. బట్టీకి లొంగని భాగం ఇదే. పాఠాలు సరిగా అందని పిల్లవాడిలోని తెలివి కూడా ఇక్కడ బయటపడుతుంది. శాట్‌తోనే పేచీ. సైన్సుకు 35, సోషల్‌కు 35 ఇచ్చి లెక్కలకు 20తో సరిపెట్టారు. లెక్కల్లో అసాధారణంగా ఉండి సోషల్‌లో తడబడే పిల్ల ఈ జల్లెడలో నిలవదు.

తయారీకి గైడు కంటే ముందు ఓఎంఆర్ షీటు (జవాబులను బుడగలు నింపి గుర్తించే కాగితం) కావాలి. ప్రాథమికోన్నత పాఠశాలల పిల్లలు చాలామంది దాన్ని తొలిసారి చూసేది పరీక్ష హాల్లోనే. నాలుగైదు జిరాక్స్ షీట్లు తెచ్చి, గడియారం పెట్టి నింపించాలి. హాల్‌టికెట్ నంబరు బుడగల్లో ఒక్క అంకె తప్పినా జవాబులన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

అసలు తలనొప్పి ఎంపిక జాబితా వచ్చాక మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో చేరిన ఏడాదే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫ్రెష్ దరఖాస్తు పెట్టాలి. ముందు ఆధార్‌తో ఓటీఆర్ (ఒకేసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. దరఖాస్తును బడిలోని నోడల్ అధికారి, ఆపైన జిల్లా నోడల్ అధికారి ఆమోదించాలి. మెరిట్ జాబితాలో "ఎం. లక్ష్మి" అనీ ఆధార్‌లో "మామిడి లక్ష్మి" అనీ ఉంటే అక్కడే చిక్కు. ఎనిమిదో తరగతిలో దరఖాస్తు పెట్టేటప్పుడే ఆధార్ చేతిలో పెట్టుకుని, పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా రాయించడమే దీనికి మందు. బ్యాంకు ఖాతా తెరిస్తే చాలదు, ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జతచేయడం) కూడా జరిగిందో లేదో బ్యాంకులో అడిగి తేల్చుకోవాలి. దరఖాస్తు "డిఫెక్ట్" అని వెనక్కి వస్తే గడువులోగా సరిచేసి మళ్లీ పంపాలి. ఆ సంగతి పిల్లల దాకా చేరాలంటే ఫారంలో నెట్ సెంటర్ వాళ్ల నంబరు కాకుండా ఇంట్లోవాళ్ల మొబైల్ నంబరు ఉండాలి.

ప్రతి ఏడూ రెన్యువల్ చేయాల్సిందే. పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 55 శాతం తప్పనిసరి. అది దాటాక కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో చేరితేనే మిగతా రెండేళ్ల డబ్బు. పాలిటెక్నిక్‌కు వెళ్లినా, ప్రైవేటు కాలేజీలో చేరినా ఆగిపోతుంది. పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లలను ప్రైవేటు కాలేజీలు ఫీజు రాయితీ చూపి లాక్కెళ్లే చోట ఈ నిబంధన మరీ కఠినం. ఆ రాయితీని రూ.24,000తో బేరీజు వేసుకున్నాకే తల్లిదండ్రులు సంతకం పెట్టాలి.

డబ్బు తప్ప ఈ పథకంలో మరో ఆసరా లేదు. ఎంపికైన పిల్లలకు అదనపు పాఠాలు ఉండవు, దారి చూపే పెద్దలూ ఉండరు. అయిదు నక్షత్రాలకు ఎంపికకు నాలుగు ఇస్తాను, ఆ తర్వాతి అండకు రెండు. ఆ అండ పెరిగేదాకా ప్రధానోపాధ్యాయులు చేయగలిగిన పని ఒకటుంది: ఎంపికైన పిల్లల పేరు, ఓటీఆర్ నంబరు, రెన్యువల్ గడువు ఒక రిజిస్టరులో రాసి, టీసీ ఇచ్చే రోజున ఆ పేజీ జిరాక్స్ కూడా తల్లిదండ్రుల చేతిలో పెట్టడం.