ఉప్పుగాలిలో ఐదేళ్లు వాడిన 64 జీబీ ఫోన్

2021 సంక్రాంతికి వారం ముందు రాజోలులో కొన్నాను ఈ ఫోన్ని. పదివేల లోపే అయింది. 2025 డిసెంబరు ఆఖర్న పక్కన పెట్టాను. నాది కోనసీమలో సఖినేటిపల్లి మండలం. మూడు వనామీ రొయ్యల చెరువులు కౌలుకి చేస్తున్నాను, కాబట్టి ఈ ఫోన్ సగం జీవితం చెరువు గట్టు మీదే గడిచింది. కొన్న వారానికి రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి. డబ్బాలో ఏమేం వచ్చాయో, రాత్రిపూట కెమెరా ఎలా తీస్తుందో చెప్తాయి. ఉప్పునీళ్ల పక్కన, సిగ్నల్ సరిగ్గా అందని చోట, ఐదో ఏట ఆ ఫోన్ ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. అందుకే రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఆ ధరలో ఏది కొన్నా ఇంచుమించు ఇవే బాధలు.

4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. రెండు సిమ్ములకి రెండు గూళ్లు, మెమరీ కార్డుకి విడిగా మూడోది. ఆ మూడో గూడు చూసే కొన్నాను. మా చెరువు దగ్గర ఒక కంపెనీ సిగ్నల్ వస్తే ఇంటి దగ్గర ఇంకో కంపెనీది వస్తుంది. రెండు సిమ్ములూ ఉండాల్సిందే, కార్డూ ఉండాల్సిందే.

ముందు చార్జింగ్ పిన్ సంగతి. ఐదేళ్లలో రెండుసార్లు మార్పించాను. ఫోన్ నీళ్లలో పడింది ఒక్కసారే, అదీ చెరువులో మేత ట్రేలు చూస్తున్నప్పుడు. మిగతాదంతా చేతి తడి, గాలిలో ఉప్పు. నీళ్లలో పడ్డ ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టమని మా ఇంట్లో అందరూ అంటారు. నేనూ పెట్టాను. తడి ఆరింది కానీ ఉప్పు లోపలే ఉండిపోయింది. పది రోజులకి పిన్ను పచ్చగా చిలుం పట్టింది. రిపేరు కుర్రాడు విప్పి చూపించాడు: చిలుం మధ్యలో బియ్యం తవుడు కూడా ఇరుక్కుని ఉంది. ఆరబెట్టడంతో సరిపెట్టుకోకుండా ఆ రోజే విప్పించి శుభ్రం చేయించి ఉంటే ఆ బోర్డు మిగిలేది.

బ్యాటరీ మొదటి ఏడాది రెండు రోజులు వచ్చేది. నాలుగో ఏడాదికి మధ్యాహ్నానికే అయిపోయేది. అందులో వయసు కొంత, ఎండ కొంత. మూడోది సిగ్నల్, ఇది చాలామందికి తట్టదు. టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గట్టిగా అరవాలి, ఆ అరుపుకి బ్యాటరీ ఖర్చవుతుంది. అదే ఫోన్ ఇంట్లో వైఫై మీద ఉన్న రోజు సాయంత్రం దాకా నిలిచేది. చెరువు దగ్గర పని లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మొదలుపెట్టాక తేడా బాగా తెలిసింది.

పవర్ బ్యాంక్ కూడా కొన్నాను, 10,000 ఎంఏహెచ్‌ది. 5000 ఫోన్ని రెండుసార్లు నింపుతుందనుకున్నాను. ఒకసారి నింపి రెండోసారికి చతికిలబడేది. షాపతను మోసం చేశాడని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ 10,000 లోపలున్న సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. బయటికొచ్చేది 5 వోల్టులు. అక్కడికే 7,400 అవుతుంది. వేడిగా పోయేది కూడా తీసేస్తే ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. డబ్బా మీద పెద్ద అంకె పక్కనే చిన్న అక్షరాల్లో అసలు లెక్క రాసి ఉంటుంది. కొనేముందు అది చదవండి.

ఇక స్టోరేజ్. 64 అని రాసి ఉన్నా సిస్టమే 15 జీబీ దాకా తీసుకుంది, అప్‌డేట్లు వచ్చేకొద్దీ ఇంకా పెరిగింది. మిగిలినదాన్ని తినేసింది వాట్సాప్. చెరువుల గ్రూపులు నాలుగు, బంధువులవి మూడు, పిల్లల బడిది ఒకటి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలన్నీ మునిగిన వారంలో, మా గ్రూపుల్లోకి వచ్చిన వరద వీడియోలే 6 జీబీ. ఎవరి ఇల్లు ఎంతవరకు మునిగిందో చూసుకోవడానికి అవి అవసరమే, ఎవరినీ తప్పు పట్టను. కానీ ఎనిమిదో రోజున ‘స్టోరేజ్ నిండింది’ అని ఫోన్ మొరాయించింది. నేను పంపిన ప్రతి ఫోటోకీ ‘సెంట్’ అనే ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటుందని అప్పుడే తెలిసింది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ అని ఉంది. అందులో 5 ఎంబీ దాటినవన్నీ ఒకచోట చూపిస్తుంది. నెలకోసారి అక్కడికి వెళ్లి ఏరితే సగం బాధ తీరిపోతుంది. గ్రూపుల్లో ఫోటోలు వాటంతటవే దిగకుండా ఆపేయడం రెండో పని.

డేటా ప్యాక్ రోజుకి 1.5 జీబీ. రాత్రి ఎనిమిదికి పిల్లలు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పాఠం చూశాక ఏమీ మిగలదు. ఆ తర్వాత అర్ధరాత్రి పన్నెండు దాకా 64 కేబీపీఎస్ వేగమే. వినడానికి అదీ నెట్టే. లెక్క వేస్తే సెకనుకి 8 కిలోబైట్లు. 3 ఎంబీ ఫోటో వెళ్లడానికి ఆరు నిమిషాలు పైనే పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోని కుదించి త్వరగానే పంపేస్తుంది, నిజమే. అయితే రొయ్య తల పెంకు మీద చుక్కలు మొదలయ్యాయా లేదా అని మా టెక్నీషియన్ ఆ ఫోటో చూసి చెప్పాలి. కుదించిన ఫోటోలో ఆ చుక్కలు కలిసిపోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఆ చుక్కల జబ్బు, వైట్‌స్పాట్ విషయంలో ఒక్క రాత్రి ఆలస్యమైనా ఏమవుతుందో చెరువు చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకని సాయంత్రం ట్రేలు చూసేదాకా 300 ఎంబీ ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో కట్టడి పెట్టాను. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా హద్దు పెట్టుకునే వీలుంది, దాంతో అది తేలికైంది.

గీతలు నిండుగా ఉన్నా నెట్ నడవకపోవడం ఇంకో చికాకు. ఆ గీతలు టవర్ ఎంత గట్టిగా వినబడుతోందో చెప్తాయి. అదే టవర్ మీద ఊరంతా ఉందో లేదో చెప్పవు. మా దగ్గర సాయంత్రం ఏడు నుంచి పది దాకా అదే పరిస్థితి. తెల్లవారుజామున నాలుగింటికి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూడ్డానికి లేచినప్పుడు అదే చోట, అదే గీతలతో అన్నీ చకచకా దిగేవి. పెద్ద ఫైళ్లన్నీ ఆ వేళకి అలవాటు చేసుకున్నాను.

2022 మే 24న అమలాపురంలో అల్లర్ల తర్వాత మా జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. మాటలు వెళ్తున్నాయి, నెట్ లేదు. అప్పటికి నా రెండో చెరువు పట్టుబడికి సిద్ధంగా ఉంది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వారీ రేట్లు రోజూ వాట్సాప్‌లోనే వచ్చేవి. మేత లెక్కలు, సీడు (రొయ్య పిల్లలు) వదిలిన తేదీలు, కూలీల ఖాతా అన్నీ గూగుల్ షీట్‌లో పెట్టుకున్నాను. ‘ఆఫ్‌లైన్‌లో ఉంచు’ అనే మీట నొక్కలేదు. నా లెక్కలే నాకు తెరుచుకోలేదు. ఫోన్ నా చేతిలోనే ఉంది, చార్జింగ్ ఉంది, 20 జీబీ ఖాళీ కూడా ఉంది. వంద కేబీ కూడా లేని ఆ కాగితం మాత్రం ఇంకెక్కడో ఉంది. ఆ రోజు పడ్డ అవస్థ మాటల్లో చెప్పలేను.

గోదావరి పాయ వశిష్ఠ అవతల నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లా. అక్కడ నెట్ ఆగలేదు. రేవు దగ్గర గట్టెక్కితే అవతలి టవర్ అందుతోందని ఎవరో చెప్పారు. వెళ్లి చూస్తే గట్టు మీద చెట్ల కింద కుర్రాళ్లు లాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే పంటు ఎక్కి నరసాపురం వెళ్లిపోయాను. మాధవాయిపాలెం రేవులో దిగేసరికి ఫోన్ ఆగకుండా మోగింది. నాలుగు రోజుల మెసేజులు ఒక్కసారి వచ్చి పడ్డాయి. నా షీట్ తెరిచి, ఒడ్డున కూర్చుని అంతా ఎర్ర అట్ట పుస్తకంలో ఎక్కించుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది.

క్లౌడ్ మీద నా అభిప్రాయం అప్పటినుంచీ మారింది. గూగుల్ ఫోటోస్‌లో కాస్త కుదించిన ఫోటోలు ఎన్నైనా ఉచితంగా పెట్టుకోనిచ్చేవారు. 2021 జూన్ 1 నుంచి అవి కూడా 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. ఆ 15 జీబీ ఫోటోలకీ, మెయిల్‌కీ, డ్రైవ్‌కీ ఉమ్మడి. తర్వాత వాట్సాప్ బ్యాకప్‌ని కూడా అందులోనే కలిపారు. నాది అంతకుముందే, 2023లో నిండిపోయి మెయిల్ రావడమే ఆగింది. మేత బిల్లులు రావట్లేదేమిటా అని నేను డీలర్‌ని అడిగితే, మీకు పంపినవి తిరిగొస్తున్నాయేమిటని ఆయన నన్ను అడిగాడు. ‘ఫ్రీ అప్ స్పేస్’ అని ఊరించే బటన్ ఒకటుంటుంది. అది నొక్కితే అసలు ఫోటో ఫోన్లోంచి పోతుంది. మిగిలేది మసక బొమ్మ. పెద్దది కావాలంటే నెట్ ఉండాలి. కౌలు కాగితం ఫోటో చూపించమని ఒకచోట అడిగినప్పుడు, నెట్ లేక ఆ మసక బొమ్మ ముందు పెట్టుకుని నిలబడ్డాను. సర్వే నంబరు కనబడలేదు. ఇంటికెళ్లి కాగితమే తెచ్చాను.

ఇప్పుడు మెమరీ కార్డు. ఐదేళ్లలో నన్ను నిజంగా బాధపెట్టింది ఇదొక్కటే.

128 జీబీ కార్డు వేసిన రోజు ఫోన్ ఒక ప్రశ్న అడిగింది. కార్డుని విడిగా వాడతావా, ఫోన్ స్టోరేజ్‌లో కలిపేయమంటావా అని. కలిపేస్తే యాప్‌లు కూడా అందులోకి పోతాయి, ఇక నిండే బాధ ఉండదని షాపులో అబ్బాయి చెప్పాడు. కలిపేశాను. చెప్పింది అబద్ధం కాదు, నిండే బాధ తగ్గింది. అతనికీ తెలియని సంగతి ఒకటుంది. అలా కలిపిన కార్డు మీద ఫోన్ ప్రతిదీ తాళం వేసి రాస్తుంది. తాళంచెవి ఫోన్ లోపల ఉంటుంది. కార్డు తీసి ఇంకో ఫోన్లో పెడితే ఏమీ కనబడదు. ఫోన్ని రీసెట్ చేస్తే తాళంచెవి కూడా పోతుంది. కార్డు బాగానే ఉంటుంది, అందులోది మాత్రం ఇంక ఎవరికీ అందదు.

2022 శీతాకాలంలో నాన్నగారు పొయ్యి దగ్గర కూర్చుని 1996 నవంబరు 6 తుఫాను రాత్రి గురించి చెప్పారు. ఆ రోజు ఆయన ముమ్మిడివరం వైపు పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నారట. కొబ్బరిచెట్లు విరిగిన చప్పుడు తుపాకులు పేలినట్టుందన్నారు. తెల్లారి బయటికొస్తే తోటలు నేలకొరిగి, ఊళ్లో ఎప్పుడూ చూడనంత ఆకాశం కనబడిందట. ‘ఒరేయ్ అబ్బాయ్, అంత ఆకాశం చూసి భయమేసిందిరా’ అన్నారు. నలభై నిమిషాలు రికార్డు చేశాను. 2023 కార్తీకంలో ఆయన వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది ఒక అప్‌డేట్ తర్వాత ఫోన్ కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో రీసెట్ చేసి ఇచ్చారు. ఫోన్లో డేటా పోతుందని ముందే చెప్పారు, కార్డులో ఉందిగా అని నేను ధైర్యంగా సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే కార్డుని ఫార్మాట్ చేయమంటోంది. కంప్యూటర్ తెలిసినవాళ్లు ముగ్గురికి చూపించాను. ముగ్గురూ అదే మాట.

రెండు నెలల తర్వాత పాలకొల్లు నుంచి మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. ‘అన్నయ్యా, పెదనాన్న తుఫాను మాటలు కొంచెం నువ్వు అప్పట్లో మన గ్రూపులో పెట్టావు కదా. నా ఫోన్లో ఉంది, నేనేదీ తుడవనుగా’ అంది. పన్నెండు నిమిషాల ముక్క. ఆకాశం మాట అందులో ఉంది. నలభై నిమిషాల్లో మిగిలింది అంతే. దాని ఫోన్ ఎప్పుడూ నిండిపోయి ఉంటుందని నేనే ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఇది చదివేవాళ్లు దయచేసి ఇప్పుడే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి, మీ కార్డు ‘పోర్టబుల్’గా, అంటే విడిగా, ఉందో లేదో చూసుకోండి. కలిపేసి ఉంటే, ముందు అందులోవి కంప్యూటర్లోకి దించుకుని ఆ తర్వాత మార్చండి.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది. మర్నాడు ఉదయానికి టవరూ పోయింది. జనరేటర్ మీద ఏరియేటర్లు తిప్పుతూ గట్టు మీదే ఉన్నాం. ఆ రెండు రోజుల్లో ఈ ముసలి ఫోన్ టార్చి వేసింది. ఇయర్‌ఫోన్ తీగ పెడితే ఎఫ్ఎం రేడియోలో బరబరమంటూ వార్తలు వినిపించింది. పవర్ బ్యాంక్ ఒకటింపావు సార్లు నింపింది, లెక్క ప్రకారమే. నెట్ లేకుండా పనికొచ్చినవన్నీ పనికొచ్చాయి. ఆ రెండు రోజులకి దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

అదే ధరలో ఇప్పుడు కొత్తది తీసుకున్నాను. 128 జీబీ ఉంది. కార్డు పెట్టాలంటే మాత్రం రెండో సిమ్ తీసేయాలి. ఎఫ్ఎం లేదు. రాజోలులో నాలుగు షాపులు తిరిగినా, మూడు గూళ్లున్నది నా డబ్బుకి దొరకలేదు. కంపెనీలు ఈ గూడు ఎందుకు తీసేస్తున్నాయో గానీ, రెండు సిమ్ములు లేకుండా బతకలేని మా బోటివాళ్లకి ఇది పెద్ద నష్టం. కార్డు బదులు టైప్-సీ పిన్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను.

పాత ఫోన్ అమ్మలేదు. చెరువు దగ్గర షెడ్డులో ఉంది, కార్డు ఈసారి విడిగానే ఉంది. అమావాస్యకి, పున్నమికి రొయ్య పెంకు మారుస్తుందని మేత తగ్గిస్తాం, ఆ రోజు చేతికి కాస్త ఖాళీ దొరుకుతుంది. ఫోటోలు, లెక్కలు, నాన్నగారి పన్నెండు నిమిషాలు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, అక్కడే ఒకసారి తెరిచి, ఆకాశం మాట దాకా విని, బీరువాలో ఎర్ర అట్ట పుస్తకం పక్కన పెడుతున్నాను.