సోలార్ కంచె పెట్టించేవాళ్ళు ముందు ఎర్త్ గురించి అడగండి

బెంగళూరు చుట్టుపక్కల తోటలున్న మనవాళ్ళు దుప్పుల బెడదకి సోలార్ కంచె పనిచేస్తుందా అని అడుగుతుంటారు. పనిచేస్తుంది. కానీ ఎన్ని వోల్టులు, బ్యాటరీ ఎంత అనే ముందు ఎర్త్, అంటే షాక్ కొట్టే మిషన్ నుంచి నేలలోకి దిగేసే రాడ్లు, ఎలా వేస్తారో అడగండి. ఈ ఒక్క విషయం మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మా మామిడి తోట ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవి అంచున ఉంది. కంచె వానాకాలంలో వేయించాం. ఆ కొన్ని నెలలూ ఒక్క దుప్పి లోపలికి రాలేదు, కనిపించినవాళ్ళందరికీ వేయించుకోమని చెప్పాను. సంక్రాంతి దాటి నేల ఎండాక మొదలైంది అసలు కథ. తోట చూసుకునే పెద్దాయన తెల్లారకముందే ఫోన్ చేసి, "సార్, మిషన్ టిక్ టిక్‌మంటానే ఉంది, అవి తీగల సందులో దూరి వస్తా ఉండాయి" అన్నాడు. వెళ్ళి చూస్తే చిన్న మొక్కల చిగుళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి, రెండు మొక్కలకైతే కొమ్ములు రుద్ది బెరడు లేపేశాయి. కంచె వేసినాయనకు చెబితే మీటర్ పెట్టి, తీగలో ఏడు వేల వోల్టులు చూపిస్తోంది కదా, ఇంకేం కావాలి అన్నాడు!

తీగలో ఎంత ఉంటే ఏం లాభం? షాక్ తగలాలంటే కరెంటు దుప్పి ఒంట్లోంచి కాళ్ళగుండా నేలలోకి దిగి, మళ్ళీ ఎర్త్ రాడ్ దాకా రావాలి. ఎండిన నేలలో ఆ దారే సరిగా ఉండదు. పైగా దుప్పి ఒంటి వెంట్రుకలు కరెంటును సరిగా పారనివ్వవు కాబట్టి ఒళ్ళు రాసుకుంటూ దూరితే పెద్దగా తెలియదు, ముక్కు తగిలితేనే గట్టిగా కొడుతుంది. అడవిలో పచ్చిక అయిపోయి అవి తోటల మీద పడేదీ సరిగ్గా ఆ ఎండల్లోనే. అంటే కంచె అవసరం ఎక్కువున్నప్పుడే దాని బలం తగ్గుతుంది, ఇది అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు.

పక్క ఊరి రైతు ఒకాయన వచ్చి చూపించిన పరీక్ష ఇది. మిషన్ ఆపి, దానికి వంద మీటర్లకు పైగా దూరంలో ఇనుప గునపాలు నేలలో దిగేసి, కరెంటు కావాలనే నేలలోకి దిగేలా తీగకు ఆనించాడు, మళ్ళీ ఆన్ చేసి తీగలో వోల్టేజీ రెండు వేల లోపుకి పడిపోయిందని చూసుకున్నాడు. తర్వాత మీటర్‌ని ఎర్త్ రాడ్ మీద పెట్టాడు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి, మూడు వందలు దాటితే ఎర్త్ చాలదని లెక్క. మాది వెయ్యి దాటింది. ఉన్నది ఒకే ఒక్క పొట్టి రాడ్ మరి.

ఇప్పుడు ఆరడుగుల రాడ్లు మూడు, పదేసి అడుగుల ఎడంతో నీళ్ళ తొట్టి పక్కన తడి ఉండేచోట దిగేశాం. దానికన్నా బాగా పనిచేసింది, తీగల్లో ఒకటి విడిచి ఒకటి షాక్ నుంచి తీసేసి ఎర్త్‌కి కలపడం. దుప్పి సందులో మూతి పెట్టి రెండు తీగలూ తాకిందంటే నేల తడితో పనే లేదు. కాకపోతే తీగ వదులై ఒకదానికొకటి తగిలితే కంచె మొత్తం చచ్చినట్టే, బిగింపు చూస్తూ ఉండాలి. వానలకి వయ్యారిభామ పెరిగి తీగకు తగిలినా బలం లాగేస్తుంది, కోయించక తప్పదు.

ఇంత తలనొప్పి ఎందుకని ఇంటి కరెంటు నేరుగా తీగకు ఇచ్చేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ మిషన్ సెకనుకోసారి రెప్పపాటుకన్నా తక్కువసేపు కొట్టి వదిలేస్తుంది, తాకింది వెనక్కి దూకి పారిపోతుంది. లైను కరెంటు వదలదు, మనిషైనా దుప్పైనా అక్కడే ప్రాణం పోతుంది. అది నేరం కూడా.

మాకు తోటలో మనిషి ఉన్నాడు, నీళ్ళున్నాయి, వచ్చేవి ఎక్కువగా దుప్పులే కాబట్టి మళ్ళీ అయినా ఇదే వేయిస్తాను. ఏనుగులు తిరిగే చోటైతే మాత్రం ఈ కంచెను నమ్ముకోమని చెప్పలేను, కరెంటు పారని దంతాలతో తీగ తెంపడం అవి నేర్చుకుంటాయి. వారానికోసారి వెళ్ళే ఖాళీ తోటలకు కూడా కష్టమే.