జీపీఎస్‌తో మైలేజ్ లెక్క: హైవే మీద నమ్మొచ్చు, సిల్క్ బోర్డు దగ్గర కష్టం

మా కారు పాతది, డాష్‌బోర్డు మీద మైలేజ్ కనిపించదు. అందుకే ఫోన్ జీపీఎస్‌ను బట్టి పెట్రోల్ ఖర్చు అంచనా కట్టే యాప్‌ను రెండేళ్లకు పైగా వాడుతున్నాను. బండికి ఏ వైరూ తగిలించక్కర్లేదు. బరువు, ఇంజన్ వివరాలు ఇస్తే చాలు. వేగం ఎలా మారుతోంది, రోడ్డు ఎంత ఎత్తెక్కుతోంది అని చూసుకుంటూ, టైర్ల రాపిడినీ గాలి అడ్డునూ కలిపి, ఇంజన్ ఎంత శక్తి పెట్టి ఉండాలో లెక్కేసి లీటర్లలో చెబుతుంది.

హైవే మీద ఇది నాకు బాగా నచ్చింది. బెంగళూరు నుంచి అనంతపురం వెళ్లేటప్పుడు 100లో పోతున్న బండిని 80కి తగ్గిస్తే గ్రాఫ్ చటుక్కున కిందికి దిగుతుంది. 80లో ఉండే గాలి అడ్డు 100కి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది మరి. తిరుగు ప్రయాణంలో మైలేజ్ పడిపోతుంటే నాన్న, "వచ్చేటప్పుడు ఎక్కువ తాగుతోందిరా, మెకానిక్‌కి చూపించు" అనేవారు. బండిలో లోపమేమీ లేదు. అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్ల లోపు, బెంగళూరు 900 పైన. మనుషులతో కలిపి 1200 కిలోల బండి అంత ఎత్తెక్కడానికే ముప్పావు లీటరు దాకా అదనంగా పడుతుంది. ఎత్తు విషయంలో జీపీఎస్ అంత కచ్చితంగా ఉండదు కాబట్టి, మ్యాప్‌లోని ఎత్తులు తీసుకునే సెట్టింగ్ ఉంటే అదే పెట్టుకోండి.

బెంగళూరులో ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దగ్గర కథ వేరు. బండి ఆగితే జీపీఎస్‌కి తెలిసేది వేగం సున్నా అని మాత్రమే. ఇంజన్ ఆన్‌లో ఉందా, ఏసీ ఎంత లాగుతోంది అన్నది దానికి అందదు. చిన్న పెట్రోల్ ఇంజన్ కూడా నిలబడి ఉండగానే గంటకు అర లీటరు దాకా తాగేస్తుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ చెదిరితే ఇంకో తంటా: ఆగి ఉన్న బండి మ్యాప్‌లో పక్క సర్వీస్ రోడ్డు మీదికి గెంతుతుంది, ఆ గెంతును కూడా యాప్ ప్రయాణం కిందే రాసుకుంటుంది. మొత్తం మీద సిటీలో అసలు ఖర్చు కంటే తక్కువే చూపిస్తుంది.

దీనికి మందు ఫుల్ ట్యాంకే. ఆటో కట్ అయ్యేదాకా నింపించి, ట్యాంకు బాగా తగ్గాక అదే బంకులో మళ్లీ ఆటో కట్ దాకా నింపించి, బిల్లులోని లీటర్లను యాప్‌లో ఎక్కించాలి. సిటీకీ హైవేకీ వేర్వేరు ప్రొఫైల్స్ పెట్టుకుంటే మరీ మంచిది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు మారాక కూడా మళ్లీ సరిచూసుకోవాలి. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, పాత లెక్క సరిపోదు.

బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఫోన్‌ను ఛార్జింగ్‌లో ఉంచక తప్పదు.

ఏ దారి మేలు, ఏ వేగం మేలు అని పోల్చుకునేవాళ్లు ధైర్యంగా వాడొచ్చు. ఆఫీసుకు నలుగురు కలిసి ఒకే కారులో వెళ్తూ ఖర్చు పంచుకునేవాళ్లు మాత్రం బంకు బిల్లు చూసే డబ్బులు తేల్చుకోండి.