క్లోజ్డ్ గార్డా, ఓపెన్ గార్డా? ఏళ్ల తరబడి వాడాక నా లెక్క

బ్రెజిలియన్ జియు-జిట్సులో వెల్లకిలా పడుకునో కూర్చునో ఎదుటివాణ్ని కాళ్లతో అదుపు చేసే పొజిషనే గార్డ్: కాళ్లు అతని నడుము చుట్టూ ముడి వేస్తే క్లోజ్డ్, ముడి లేకుండా పాదాలతో, గ్రిప్పులతో ఆపితే ఓపెన్. ముందే తేల్చేస్తాను: నా ఓటు క్లోజ్డ్ గార్డ్‌కే, కానీ ఒక షరతు ఉంది. కాళ్ల ముడి మీరే విప్పాలి, ఎదుటివాడు విప్పేదాకా ఆగకూడదు. హైదరాబాద్ జిమ్ముల్లో కొత్తగా చేరినవాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే. వెల్లకిలా పడుకుని, ఎదుటివాడి నడుము చుట్టూ కాళ్లు బిగించి, కాసేపు ఊపిరి తీసుకుందామన్నట్టు ఉండిపోతారు. అతను గ్రిప్పులు వదిలించుకుని, లేచి నిలబడి, మోకాలి మీద చెయ్యేసి ముడి తెంపేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఇక ఆడాల్సింది ఓపెన్ గార్డే, అదీ అతను మీ కాళ్లు దాటడం (పాస్) సగం అయిపోయాక.

క్లోజ్డ్ గార్డ్ బలమంతా ఎదుటివాడి తలని కిందికి దించడంలో ఉంది. చేతులతో లాగితే రెండు నిమిషాల్లో ముంజేతులు పట్టేస్తాయి. లాగాల్సింది మోకాళ్లతో. అతను ఊపిరి వదిలినప్పుడో, చెయ్యి జరిపినప్పుడో మోకాళ్లని మీ ఛాతీవైపు గుంజండి, చేతులు ఆ దించినదాన్ని పట్టి ఉంచితే చాలు. తల దిగాక కూడా నిటారుగా ఎదురెదురుగా ఉంటే ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి వంచే పట్టు) రాదు. తుంటిని పక్కకు జరిపి కోణం తీసుకోవాలి. పొట్టి కాళ్లవాళ్లకు, ఎదుటివాడి నడుము లావుగా ఉన్నప్పుడు, చీలమండలు అంచుల్లో తగులుకుంటాయి తప్ప బిగువు రాదు. అలాంటప్పుడు ముడిని నడుము దగ్గర కాకుండా చంకల కిందికి ఎక్కించాలి, లేదా ఆ ఆశే వదులుకోవాలి. నిలబడ్డవాడి మీదకి ఎగిరి కాళ్లు చుట్టడం మాత్రం నేర్చుకోకండి. మీ బరువంతా అతని మోకాలి మీద పడుతుంది.

ఏది ఎంచుకోవాలని అడిగేవాళ్లకు నేను చూపేది రెండు గ్రిప్పులు. ఎడమ చేత్తో అతని గీ (జియు-జిట్సు దుస్తులు) కుడి స్లీవ్ అంచు బయటి నుంచి మడిచి పట్టుకోవాలి (వేళ్లు స్లీవ్ లోపలికి దూర్చడం అంతర్జాతీయ జియు-జిట్సు సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో ఫౌల్). కుడి చేతి నాలుగు వేళ్లు అతని కుడివైపు కాలర్ లోపల, మెడకి దగ్గరగా. అతను మోకాళ్ల మీద ఉన్నంతసేపు ఇది సిజర్ స్వీప్‌కి (కాళ్ల కత్తెరతో అతన్ని పడేసి మీరు పైకి రావడానికి) సరిపోతుంది: ముడి విప్పి, తుంటిని కుడికి జరిపి, ఎడమ పక్కకి ఒత్తిగిలి, కుడి షిన్ (మోకాలి కింది ముందు ఎముక) అతని పొట్టకి అడ్డంగా, ఎడమ కాలు మ్యాట్ మీద అతని కుడి మోకాలి పక్కన. ఇది పడకపోవడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం. అతని బరువు ఇంకా మడమల మీదే ఉండగా కత్తెర వేస్తారు, గోడని తోసినట్టుంటుంది. ముందు కాలర్ లాగి బరువుని మీ షిన్ మీదకి ఎక్కించుకోవాలి, అప్పుడు కొట్టాలి. అతని కుడి చేయి మీ పట్టులోనే ఉంది కాబట్టి ఆ పక్క ఆనుకోవడానికి అతనికి ఆధారం దొరకదు.

లేవబోతున్నాడా? గ్రిప్పులు అవే, పాదాలే మారతాయి. అతను ఒక అరికాలు మ్యాట్ మీద మోపిన క్షణంలోనే ముడి విప్పేయండి. కుడి పాదం అతని ఎడమ తుంటి మీద, ఎడమ పాదం అతని కుడి చేతి కండ మీద. కాలర్-స్లీవ్ ఓపెన్ గార్డ్ అంటే ఇదే. చెయ్యి వెనక్కి లాక్కుంటే ఎడమ కాలు చాచి స్లీవ్‌ని బిగించండి. తల వంచి మీదకొస్తే కుడి కాలు అతని ఎడమ భుజం మీదుగా మెడ వెనక్కి, ట్రయాంగిల్‌కి (కాళ్లతో మెడ బిగించే పట్టుకి) దారి పడ్డట్టే. అరసెకను ఆలస్యమైతే మీ తుంటి గాల్లో వేలాడుతుంది, ఆ రెండు పాదాలకీ చోటు ఉండదు.

ఓపెన్ గార్డ్‌తో నా పేచీ వేళ్ల దగ్గరే. స్లీవ్‌లు పట్టుకుని ఆడే స్పైడర్, లాసో గార్డులు రోజూ ఆడితే కణుపులు వాస్తాయి, టేప్ చుట్టినా సరే. మాదాపూర్‌లో రోజంతా కీబోర్డు కొట్టేవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. 1980ల్లో రియోలో ఆటగాడు రికార్డో డి లా రివా పేరు మీద స్థిరపడ్డ గార్డ్ వేళ్లని కాస్త కనికరిస్తుంది, బదులుగా మోకాలిని మెలిపెడుతుంది. ఇక రెండు చేతులు, రెండు పాదాల్లో కనీసం మూడు అతన్ని తాకుతూ ఉండాలి. రెండుకి తగ్గితే ప్యాంటు మోకాళ్ల దగ్గర పట్టి కాళ్లు పక్కకి విసిరేస్తాడు. కాళ్లు దాటాక ఆ పొజిషన్‌ని మూడు సెకన్లు నిలబెట్టుకున్నాడంటే పాస్‌కి 3 పాయింట్లు. మీరు స్వీప్ చేస్తే వచ్చేది 2 మాత్రమే, అందుకే ఓపెన్ గార్డ్‌లో తప్పు ఖరీదైనది.

పాతబస్తీ తాలీంలో కుస్తీ పట్టినవాళ్లతో లెక్క వేరు. వీపు నేలకి ఆనితే ఓటమి అని ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. బేస్ గట్టిది, నడుము వంగదు, క్లోజ్డ్ గార్డ్‌లో తల దించడం కష్టం. వీళ్ల మీద ఓపెన్ గార్డే మేలు: బ్యాలెన్స్ తప్పిస్తే వీపు ఆనకూడదని బోర్లా తిరుగుతారు, స్వీప్ పాయింట్లు రాకపోయినా బ్యాక్ (వెనక నుంచి పట్టు) దొరుకుతుంది.

నో-గీలో (గీ వేసుకోకుండా ఆడేటప్పుడు), ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని హాల్లో, పైన చెప్పిన ప్రాధాన్యం తిరగబడుతుంది. చెమటకి మణికట్టు జారుతుంది, తల వెనక పట్టు జారుతుంది, కట్టిన కాళ్లు కూడా నడుము మీంచి కిందికి దిగిపోతాయి. అక్కడ బట్టతో పనిలేని బటర్‌ఫ్లై గార్డ్ నయం: కూర్చుని, రెండు పాదాల హుక్కులు అతని తొడల కింద, ఒక చేయి అతని చంక కింద. జియు-జిట్సు ఛాంపియన్ మార్సెలో గార్సియా తనకన్నా చాలా బరువైనవాళ్లని ఇలాగే ఎత్తేసేవాడు. వెనక్కి పడుకుంటే మాత్రం హుక్కులు చచ్చిపోతాయి, నుదురు అతని ఛాతీకి ఆనించి ఉంచండి.